ఆధునిక పర్యావరణ చరిత్ర పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? బొగ్గుతోనేనా?

పాఠాల_బల్ల:

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతాను. ఆధునిక యుగంలో ప్రపంచ పర్యావరణ చరిత్ర అనే పేపరు ఈసారి నాకు ఇచ్చారు. ఇష్టపడే తీసుకున్నాను. తీరా కూర్చుంటే మొదటి క్లాసు దగ్గరే పెన్ను ఆగిపోయింది.

మామూలుగా చెప్పే వరస మీకూ తెలిసే ఉంటుంది. ఆవిరి యంత్రం, బొగ్గు, ఫ్యాక్టరీలు, పొగ, తర్వాత చమురు, చివరికి భూతాపం. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇలా చెప్పినప్పుడల్లా క్లాసులో రెండు సంగతులు గమనిస్తున్నాను. మొదటిది, పిల్లల బుర్రలో ఇదంతా ఇంగ్లండులో రెండు మూడు ఊళ్లలో జరిగిన కథగా ఉండిపోతుంది. మిగతా ప్రపంచం ఆఖరి పాఠంలో వరదలు, కరువుల బాధితురాలిగా మాత్రమే వస్తుంది. దక్షిణ అమెరికా, పసిఫిక్ దీవులు, సముద్రం ఇవేవీ కథలో పాత్రలే కావు. రెండోది, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది అంటే నోట్సులో రాసుకుంటారు. పరీక్షలో రాస్తారు. అంతే. ఆ అంకె వెనక మనిషి గానీ, మట్టి గానీ, ఒక చేప గానీ వాళ్లకు కనబడటం లేదు.

నాకు కావాల్సింది ఒక మొదలు. ఒక చోటో, ఒక వస్తువో, ఒక సంఘటనో. దాన్ని పట్టుకుని లాగితే భూమి, సముద్రం, కూలీల బతుకు, యుద్ధం, తిండి అన్నీ బయటికి రావాలి. కొలంబస్ నాటి 1492 నుంచి మొదలుపెట్టమని ఒకరన్నారు. అక్కణ్నుంచి వస్తే సెమిస్టర్ సగం అయ్యేసరికి కూడా 19వ శతాబ్దానికి చేరను. ఇంకొకరు 1945 తర్వాతి నుంచే చెప్పమన్నారు. అప్పుడు పునాది లేకుండా మేడ మీద నుంచి మొదలుపెట్టినట్టవుతుంది. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు? ఎందుకు?


బొగ్గు_పొర:

మేడమ్, నా ఓటు బొగ్గుకే. పాత వరస అని దాన్ని తీసి పక్కన పెట్టకండి.

1712లో న్యూకమెన్ చేసిన ఆవిరి యంత్రం ఇంగ్లండులో డడ్లీ దగ్గర ఒక బొగ్గు గనిలోంచి నీళ్లు తోడటానికి పెట్టారు. ఆ సంగతి ఒక్కటే ఒక క్లాసంతా చెప్పొచ్చు. బొగ్గు కాల్చి బొగ్గు తవ్వే యంత్రం అది. తవ్వేకొద్దీ గని లోతవుతుంది, లోతయ్యేకొద్దీ నీరు ఊరుతుంది, నీటిని తోడాలంటే మళ్లీ బొగ్గు. 1800 నాటికి బ్రిటన్‌లో ఏడాదికి తవ్వే బొగ్గు కోటిన్నర టన్నుల లోపు. 1913కి అది 28.7 కోట్ల టన్నులు. అంతవరకు మనిషి వాడుకున్న శక్తి ఏదైనా ఆ ఏడాదో, ఆ పదేళ్లలోనో పడ్డ ఎండ నుంచి వచ్చిందే: కట్టెలు, గడ్డి మేసిన ఎద్దు, గాలి మర, నీటి చక్రం. కోట్ల ఏళ్ల నాటి ఎండను తవ్వి తీయడం బొగ్గుతోనే ఈ స్థాయికి చేరింది. ఆ తెగింపు తర్వాతే మిగతావన్నీ.

పిల్లలకు మనిషి కనబడటం లేదంటున్నారు కాబట్టి 1952 డిసెంబరు లండన్ చెప్పండి. 5వ తేదీ నుంచి 9 దాకా ఊరంతా పొగమంచు, గంధకపు పొగ కలిసి కదలకుండా నిలబడిపోయింది. చలికి ఇళ్లలో నాసిరకం బొగ్గు కాల్చారు. అప్పట్లో చనిపోయినవారు నాలుగు వేలన్నారు. తర్వాతి లెక్కల్లో అది 12 వేల దాకా వెళ్లింది. 1956లో గాలి శుద్ధి చట్టం వచ్చింది. ఆ చట్టం కంటికి కనిపించే పొగ సంగతి చూసుకుంది. కనిపించని కార్బన్ డయాక్సైడ్‌ను చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త రెండేళ్ల తర్వాత, 1958లో, హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు 315. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే ఆ అంకె వాళ్లకు ఎందుకు పట్టదో చూద్దాం.


అమోనియా_ప్లాంటు:

అమ్మా, నా ఉద్యోగమంతా అమోనియా ప్లాంటులోనే గడిచింది. చరిత్ర డిగ్రీలు లేవు గానీ, రోజూ మనం చేసిన ఈ పని ఎక్కడ పుట్టింది, ఎవరి చెమటతో పుట్టింది అన్న ప్రశ్న నన్ను వదలలేదు. రిటైరయ్యాక ఇదే చదువుతున్నాను. నన్నడిగితే మొదటి క్లాసు పెరూ తీరంలోని చించా దీవుల మీద పెట్టండి.

పిస్కో రేవుకు ఎదురుగా మూడు చిన్న దీవులు. చెట్టు లేదు, తాగునీరు లేదు. కానీ చుట్టూ ఉన్న సముద్రం మామూలు సముద్రం కాదు. హంబోల్ట్ ప్రవాహం దగ్గర చల్లటి నీరు అడుగు నుంచి పైకి ఉబికి వస్తుంది. దానితో పోషకాలు వస్తాయి. వాటి మీద నాచు, నాచు మీద ఆంకోవెటా అనే నెత్తళ్ల జాతి చేప, ఆ చేప మీద లక్షల నీటికాకులు, గూడబాతులు బతుకుతాయి. పక్షులు దీవి మీద రెట్ట వేస్తాయి. అక్కడ దాదాపు వాన పడదు. వాన పడే చోటైతే రెట్టలోని నత్రజని కరిగి సముద్రంలో కలిసేది. ఇక్కడ ఎండి, గట్టిపడి, వేల ఏళ్లపాటు పొర మీద పొరగా పేరుకుని పదుల మీటర్ల మందం తేలింది. అదే గువానో, పంటకు బలమైన ఎరువు.

ఒకప్పుడు పెరూను పాలించిన ఇంకాలకు దాని విలువ తెలుసు. పక్షులు పిల్లల్ని పెట్టే కాలంలో దీవి మీద అడుగు పెడితే మరణశిక్ష అని 17వ శతాబ్దపు చరిత్రకారుడు గార్సిలాసో దె లా వేగా రాశాడు. 1802లో అలెగ్జాండర్ హంబోల్ట్ పెరూ వచ్చినప్పుడు కొంత గువానో మూట కట్టుకుని యూరప్ తీసుకెళ్లాడు. పారిస్‌లో పరీక్షించారు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1840 దాటాక ఇంగ్లండు రైతులకు దాని రుచి తెలిసింది, ఇక ఓడల వరస ఆగలేదు. 1840 నుంచి 1880 లోపు పెరూ నుంచి దాదాపు 1.2 కోట్ల టన్నులు వెళ్లిపోయింది. పెరూ ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం పక్షి రెట్టే. 1854లో అక్కడ బానిసత్వం రద్దు చేసినప్పుడు యజమానులకు నష్టపరిహారం ఇచ్చింది కూడా ఈ డబ్బుతోనే. బానిసలకు మాత్రం పైసా ఇవ్వలేదు.

1856లో అమెరికా ఒక చట్టం చేసింది: ఎవరిదీ కాని దీవి మీద తమ పౌరుడికి గువానో దొరికితే దాన్ని అమెరికాదిగా ప్రకటించుకోవచ్చు. పసిఫిక్‌లో బేకర్, హౌలాండ్, జార్విస్ అలా చేతికి వచ్చినవే. 1864లో స్పెయిన్ నౌకాదళం చించా దీవులనే పట్టుకుంది, యుద్ధమైంది. 1870ల్లోకి వచ్చేసరికి ఆ కొండలు గీకి గీకి అయిపోయాయి. వేల ఏళ్లు పట్టింది, ఒక మనిషి వయసు నిండకముందే ఖాళీ.

తర్వాత అటకామా ఎడారి. అక్కడి నేలలో సురేకారం ఉంది. పొలానికి ఎరువు, తుపాకికి మందు, రెండూ అదే. దాని కోసమే 1879లో చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా మరొకవైపు యుద్ధానికి దిగాయి. చిలీ గెలిచింది. బొలీవియాకు ఉన్న సముద్రతీరం పోయింది, ఇవాళ్టికీ లేదు. ఎరువు కోసం ఒక దేశం పటమే మారిపోయిందని చెప్పండి, ఏ పిల్లాడు పెన్ను కింద పెట్టడో చూడండి.

ఇక్కడి నుంచి నా ప్లాంటు కథ. 1898లో విలియం క్రూక్స్ అనే రసాయన శాస్త్రవేత్త బ్రిస్టల్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో లేచి, చిలీ సురేకారం కూడా అయిపోతుంది, గోధుమ తినే దేశాలకు కొరత వస్తుంది, గాలిలోని నత్రజనిని పట్టాల్సిందే అని హెచ్చరించాడు. గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని రెండు పరమాణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయంటే మొక్క నేరుగా తీసుకోలేదు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్, అతని సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్ కలిసి ఆ పట్టు విడిపించి, నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి చూపించారు. బల్ల మీద పట్టే పరికరంలోంచి అమోనియా బొట్లు బొట్లుగా రాలింది. రసాయన చర్యను వేగం చేసే కేటలిస్టుగా వాళ్లు వాడిన ఆస్మియం ప్రపంచంలోనే అత్యంత అరుదైన లోహాల్లో ఒకటి. దానితో ఫ్యాక్టరీ నడవదు. ఆల్విన్ మిట్టాష్ అనే ఆయన వేల పదార్థాలు ఒక్కొక్కటే పరీక్షించి, స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం ముక్క దగ్గర ఆగాడు. నేను పనిచేసిన ప్లాంటులో వాడిన కేటలిస్టు కూడా ఆ వంశానిదే. నల్లటి గులకల్లా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే చిన్న ముక్క కూడా బరువే. వాడిన కేటలిస్టుకు గాలి తగిలిందంటే తనంతట తనే రాజుకుని ఎర్రగా కాలుతుంది. అందుకని మార్చేటప్పుడు కన్వర్టర్ (అమోనియా తయారయ్యే పెద్ద పాత్ర) నిండా నత్రజని నింపి, మనుషులు గొట్టం ద్వారా గాలి అందే మాస్కులు పెట్టుకుని లోపలికి దిగుతారు. ఆ పని జరిగినన్ని రోజులు బయట నిలబడ్డవాళ్లం కూడా ఊపిరి బిగబట్టుకునే ఉండేవాళ్లం.

దీన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చిన కార్ల్ బాష్ పడ్డ కష్టం ఇంకోటి. రెండు వందల వాతావరణాల ఒత్తిడి, 500 డిగ్రీల వేడి. ఉక్కు గొట్టాలు కొద్ది రోజులకే పగిలిపోయేవి. హైడ్రోజన్ ఉక్కులోకి దూరి అందులోని కార్బన్‌ను లాగేస్తుంది, ఉక్కు పెళుసెక్కుతుంది. బాష్ లోపల మెత్తని ఇనుప తొడుగు వేసి, బయటి ఉక్కు గోడకు సన్నటి రంధ్రాలు పెట్టించాడు. లోపలి నుంచి జారిన హైడ్రోజన్ గోడను తినకుండా ఆ రంధ్రాల్లోంచి పోతుంది. ఇంత సాదా ఉపాయం! 1913లో జర్మనీలోని ఓపావులో మొదటి ప్లాంటు నడిచింది. రోజుకు ముప్ఫై టన్నుల స్థాయి. ఇవాళ ఒక్కో పెద్ద ప్లాంటు రోజుకు రెండు వేల టన్నులు దాటి చేస్తుంది.

1914లో యుద్ధం వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం దిగ్బంధంతో జర్మనీకి చిలీ సురేకారం ఆగిపోయింది. తిండి కోసం కట్టిన ప్లాంటు పేలుడు పదార్థాల వైపు తిరిగింది. ఇది లేకపోతే జర్మనీ అన్నేళ్లు యుద్ధం చేయలేకపోయేదన్నది చాలామంది మాట, నాకూ అదే నిజమనిపిస్తుంది. యుద్ధం అయ్యాక 1921 సెప్టెంబరు 21న అదే ఓపావులో గట్టిపడిన ఎరువు గుట్టను వదులు చేయడానికి ఎప్పట్లాగే డైనమైట్ పెట్టారు. గుట్ట మొత్తం పేలింది. ఐదు వందల మందికి పైగా పోయారు. అమోనియం నైట్రేట్ నిల్వ గురించి మాకిచ్చిన ప్రతి శిక్షణలో ఆ తేదీ ఉండేది. 2020లో బైరూత్ రేవు పేలినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే.

ఒక్కమాట ముఖ్యంగా. ఓడ అడుగున గువానో సర్దే కూలీల కళ్లు మండించింది, ప్లాంటులో చిన్న లీకు వస్తే మమ్మల్ని పరుగెత్తించింది ఒకే వాయువు.


బొగ్గు_పొర:

గొప్పగా రాశారు సార్. కానీ నాదొక ప్రశ్న. అమోనియాకు గాలి నుంచి నత్రజని తీసుకుంటారు, ఒప్పుకున్నా. హైడ్రోజన్ ఎక్కడిది? ఓపావులో ఎర్రగా కాల్చిన కోక్ మీద ఆవిరి పంపి తీసేవారు. అంటే బొగ్గే. తర్వాత సహజ వాయువు. శిలాజ ఇంధనం లేకుండా మీ కథ ఒక్క అడుగు ముందుకు పడదు. అలాంటప్పుడు వేరును వదిలి కొమ్మను ముందు చూపించడం ఎందుకు?


పాఠాల_బల్ల:

ఇద్దరికీ ధన్యవాదాలు. బొలీవియా తీరం సంగతి నేను యుద్ధ చరిత్రలో చదివాను గానీ, ఎరువు వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

ప్లాంటు గారూ, నాకు ఇంకా రెండు తెలియాలి. చించా దీవుల్లో తవ్వింది ఎవరు? ఓడల్లో కూలీల ప్రస్తావన తెచ్చి వదిలేశారు. ఇంకోటి, ఈ కథ ఎక్కడ ముగుస్తుంది? అమోనియా తయారైంది, పొలానికి వెళ్లింది, పంట పండింది. పర్యావరణం సంగతి అక్కడితో మొదలవుతుంది కదా.


ఉప్పునీళ్లు:

మేడమ్, మధ్యలో సముద్రం తరఫున నేనొక మాట. తిమింగలాలు లేకుండా ఈ పేపరు చెప్పకండి.

19వ శతాబ్దపు వేట అంటే తెరచాప ఓడ, చేతి బల్లెం, దీపం నూనె. ఆ కథలు అందరికీ తెలుసు. అసలు ఊచకోత జరిగింది కిరసనాయిలు దీపాలు వచ్చాక, 20వ శతాబ్దంలో. నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ పేలుడు గుండు తగిలించిన బల్లెం ఫిరంగిని తెచ్చాడు. దాంతో అంతవరకు ఎవరికీ అందని నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం అందాయి. 1904లో కార్ల్ ఆంటన్ లార్సెన్ దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్‌వికెన్ అనే చోట స్టేషను పెట్టాడు. 1925 నుంచి వెనక వైపు వాలుబల్ల ఉన్న ఫ్యాక్టరీ ఓడలు వచ్చాయి. తిమింగలాన్ని నేరుగా ఓడ మీదికి లాగి అక్కడే కోసి ఉడికించేస్తారు, ఇక రేవుతో పని లేదు. 1930-31 వేట కాలం ఒక్కదాంట్లో అంటార్కిటిక్ నీళ్లలో 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. శతాబ్దం మొత్తం మీద అన్ని జాతులు కలిపి దాదాపు 29 లక్షలు.

ఎందుకు? దీపాలకు కాదు. ద్రవ నూనెలోకి హైడ్రోజన్ ఎక్కిస్తే గడ్డకట్టే కొవ్వు అవుతుందని రసాయన శాస్త్రం కనిపెట్టాక తిమింగలం నూనె మార్గరిన్‌లోకి (వెన్నకు బదులు వాడే కొవ్వు), సబ్బులోకి వెళ్లింది. సబ్బు చేస్తే గ్లిజరిన్ వస్తుంది, గ్లిజరిన్ నుంచి నైట్రోగ్లిజరిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో తిమింగలం కొవ్వు పేలుడు మందైంది. నైట్రోగ్లిజరిన్‌కు నైట్రిక్ ఆమ్లం కావాలి, దాన్ని పైన ప్లాంటు గారు చెప్పిన అమోనియా నుంచి చేస్తారు. ఆ కథ ఇక్కడ వచ్చి కలుస్తుంది.

1946లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరాక కూడా లెక్కలు నమ్మదగినవిగా లేవు. సోవియట్ ఓడలు దశాబ్దాలపాటు దొంగ లెక్కలు ఇచ్చాయని 1990ల్లో అక్కడి శాస్త్రవేత్తలే బయటపెట్టారు. నిజమైన లెక్కల్ని పోనివ్వకుండా భద్రపరిచిన మనుషులు ఉన్నారన్నది నాకు ఈ మొత్తం చరిత్రలో ఊరటనిచ్చే విషయం. కాగితం ఒకటి మిగిలితే చాలు, తర్వాతి తరం లెక్క సరిచేయగలదు. దాని గురించి మీ పిల్లలకు తప్పక చెప్పండి.


అమోనియా_ప్లాంటు:

ఉప్పునీళ్లు గారూ, గ్లిజరిన్ దారి నేను ఆలోచించలేదు. చాలా బాగుంది.

బొగ్గు_పొర గారూ, మీరన్నది అక్షరాలా నిజం. మేము కూడా సహజ వాయువునే పగలగొట్టి హైడ్రోజన్ తీశాం. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో ఒకటి రెండు శాతం ఈ ఒక్క పనికే పోతుంది. కానీ అందుకే దీన్ని ముందు పెట్టమంటున్నాను. బొగ్గు పొగ గొట్టంలోంచి పోతుంది, పిల్లలు దాన్ని ఎక్కడో దూరంగా చూస్తారు. ఇక్కడైతే అది తిండిలోకి వస్తుంది. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తినే తిండి హేబర్, బాష్ పద్ధతి మీద ఆధారపడి ఉందని అంచనాలు. మన ఒంట్లో ఉన్న నత్రజనిలో పెద్ద భాగం ఏదో ఒక కన్వర్టర్ గుండా వచ్చిందే. బొగ్గు గురించి మూడో క్లాసులో చెప్పండమ్మా, అప్పటికి వాళ్లకు అది తమ ఒంటి సంగతి అవుతుంది.

ఇక కూలీలు. చించా దీవుల్లో ఖైదీలు, బానిసలు తవ్వారు. తర్వాత ఎక్కువగా చైనా మనుషులు. 1849 నుంచి 1874 దాకా సుమారు తొంభై వేల నుంచి లక్ష మంది చైనీయులను ఎనిమిదేళ్ల ఒప్పందం మీద పెరూ తెచ్చారు. ఎక్కువమంది చెరకు, పత్తి తోటలకు వెళ్లారు. దీవులకు వెళ్లినవాళ్ల గతి మరీ ఘోరం. రోజుకు నాలుగైదు టన్నులు తవ్వాలి. గునపం దెబ్బ పడితే పచ్చటి దుమ్ము లేస్తుంది, అది కళ్లకు, గొంతుకు పడుతుంది. కొండ అంచుకు తోసుకెళ్లి గుడ్డ గొట్టం గుండా కింద ఉన్న ఓడలోకి జార్చాలి. నీళ్లు కూడా బయటి నుంచి రావాల్సిందే. కొండ మీద నుంచి దూకి చనిపోయినవాళ్ల గురించి అప్పటి నావికులు రాసిపెట్టారు. ఒక్కరు ఇద్దరు కాదు. ఇంగ్లండు పొలంలో మొలిచిన టర్నిప్ దుంప వెనక ఈ మనుషులున్నారు.

కరీబియన్‌లో నవాసా అనే గువానో దీవి ఉంది. అక్కడ బాల్టిమోర్ నుంచి తెచ్చిన నల్లజాతి కార్మికులు 1889లో తిరగబడ్డారు. ఐదుగురు పర్యవేక్షకులు చనిపోయారు. ముగ్గురికి ఉరిశిక్ష పడింది, కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. కోర్టు శిక్షను సమర్థించింది. అక్కడి పని పరిస్థితులు తెలిశాక అధ్యక్షుడు హారిసన్ 1891లో ఉరి రద్దు చేసి జైలు శిక్షగా మార్చాడు. అటకామాలోనూ అంతే. 1907లో ఇకీకే పట్నంలో సమ్మెకు వచ్చి ఒక బడిలో తలదాచుకున్న సురేకారం కార్మికుల మీద, వాళ్ల కుటుంబాల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలలేదు.

ఎక్కడ ముగుస్తుందని అడిగారు. పొలంలో వేసిన నత్రజనిలో పంట తీసుకునేది రమారమి సగం. మిగతాది నీళ్లతో జారిపోతుంది, గాలిలో కలుస్తుంది. గాలిలోకి పోయేదాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్. టన్నుకు టన్ను లెక్కన వందేళ్ల కాలంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. నీళ్లతో పోయేదాన్ని చూపించాలంటే మిసిసిపీ నది పటం వేయండి. మొక్కజొన్న పొలాల నుంచి జారిన ఎరువు వసంతంలో నదిలో పడి గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది. ఎండాకాలం నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి అడుక్కు దిగుతుంది, కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ తాగేస్తుంది. ఈదగలిగిన చేప పారిపోతుంది, కదలలేని ఆల్చిప్ప చస్తుంది. ఇలా ఆక్సిజన్ తగ్గిపోయిన నీటి విస్తీర్ణాన్ని 1985 నుంచి దాదాపు ఏటా కొలుస్తున్నారు. 2017లో అది 22 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ఇలాంటి చోట్లు ప్రపంచంలో నాలుగు వందలకు పైగా ఉన్నాయని 2008లోనే లెక్క వేశారు. 1960ల మొదట్లో ప్రపంచం ఏడాదికి కోటి టన్నుల పైచిలుకు నత్రజని ఎరువు వాడేది. ఇప్పుడు పది కోట్ల టన్నులు దాటింది. ఈ పెరుగుదలలో నా చేతి పని కూడా ఉంది, దాని తిండి వైపు చూసి గర్వపడతాను, ఆ పటం చూసినప్పుడు మాత్రం నిద్ర పట్టదు.

ఇంకో దారి మర్చిపోవద్దు. నత్రజని గాలిలో ఉంది కాబట్టి పట్టుకున్నాం. భాస్వరం గాలిలో లేదు, రాయిలోంచి తవ్వాల్సిందే. 1899లో సిడ్నీలో ఒక వ్యాపార సంస్థ ఆఫీసు తలుపుకు అడ్డం పెట్టిన రాయిని ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగి అనుమానంతో పరీక్షించాడు. మేలురకం ఫాస్ఫేట్. నౌరు దీవి నుంచి వచ్చిన రాయి. మరుసటి ఏడాది అతను పక్కనున్న బనాబా దీవికి వెళ్లి అక్కడివాళ్లతో ఒప్పందం రాయించుకున్నాడు: ఏడాదికి 50 పౌన్లు, గడువు 999 ఏళ్లు. బనాబా మొత్తం ఆరు చదరపు కిలోమీటర్లు. 80 ఏళ్లపాటు తవ్వారు. ఆ మట్టి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గడ్డి మైదానాలకు ఎరువైంది. 1945 డిసెంబరులో బనాబా జనాన్ని ఫిజీలోని రాబీ దీవికి తరలించారు, వాళ్ల సంతతిలో ఎక్కువమంది ఇవాళ్టికీ అక్కడే ఉన్నారు. నౌరు 1968లో స్వతంత్రమైంది, 1989లో ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగింది, 1993లో రాజీ కుదిరింది. దీవి మధ్య భాగం మాత్రం మట్టి పోయి సున్నపురాయి మొనలు తేలిపోయి ఉంది.

చించా దగ్గరి సముద్రం సంగతి కూడా చెప్పేస్తాను. 1909లో పెరూ ప్రభుత్వం పక్షుల్ని కాపాడి గువానోను కొలతగా తీసే సంస్థ పెట్టింది, పక్షులు మళ్లీ పెరిగాయి. తర్వాత ఆంకోవెటాను నేరుగా పట్టి పిండి చేసి కోళ్లకు, పందులకు మేతగా అమ్మడం లాభమని తేలింది. 1970లో 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టారు. 1972లో ఎల్ నీన్యో వచ్చి చల్లటి నీరు పైకి రావడం తగ్గింది, అప్పటికే అతిగా పట్టేసిన చేప కుప్పకూలింది. పక్షులు ఆకలితో చచ్చాయి. గువానో నాలుగు దశాబ్దాల్లో వెళ్లినంత సరుకు ఒక్క ఏడాదిలో చేప రూపంలో వెళ్లిందన్నమాట. ఐక్యరాజ్యసమితి మొదటి పర్యావరణ మహాసభ స్టాక్‌హోంలో జరిగింది కూడా ఆ 1972లోనే. రెండూ ఒకే క్లాసులో చెప్పండి.


పాఠాల_బల్ల:

సరే, తేల్చుకున్నాను. మొదటి రెండు క్లాసులు చించా, అటకామా. మూడోది బొగ్గు, న్యూకమెన్ యంత్రంతో. నాలుగు ఓపావు. తిమింగలాలు, బనాబా చెరొక క్లాసు, పిల్లలే చదివి వచ్చి చెప్పేలా. నవాసా కేసు తీర్పు విడిగా చదివిస్తాను, అందులో కార్మికుల వాంగ్మూలాలు ఎంతవరకు ఉన్నాయో ముందు నేను చూసుకోవాలి.

ఒక సాయం కావాలి. చించా దీవుల మీద తవ్వుతున్నప్పటి పాత ఫొటోలు 1860ల నాటివి ఉన్నాయని తెలుసు. గుట్ట ఎత్తు, పక్కన నిలబడ్డ మనిషి ఎత్తు రెండూ ఒకే ఫ్రేములో ఉన్నది ఎవరికైనా దొరికితే ఇక్కడ పెట్టండి. ప్లాంటు గారూ, వీలుంటే ఆ కేటలిస్టు గులకల ఫొటో కూడా.


అమోనియా_ప్లాంటు:

తప్పకుండా అమ్మా. వాడని కేటలిస్టు ఫొటో నా దగ్గర ఉంది, రేపు పెడతాను. చించా ఫొటోలు అలెగ్జాండర్ గార్డ్‌నర్ స్టూడియో పేరుతో 1865లో వచ్చినవి వెతకండి. పెద్ద గుట్ట మధ్యలో నిలువుగా కోసిన గోడ, దాని అడుగున చీమల్లా మనుషులు ఉన్నది ఒకటి వాటిలోనే చూశాను.